గర్భగుడి బయట

చాయ్‌లోకి అల్లం దంచుతుంటే కల్పనకు పొత్తికడుపులో ఆ తెలిసిన నొప్పి మొదలైంది. ఇవాళే రావాలా? మహదేవపూర్ దాటాక అడవంచున కూలిపోయిన కాకతీయుల కాలం గుడిని విప్పి, మళ్లీ నిలబెట్టే పని ఆమెది. జనగామ పిల్ల, హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివి పాత గుళ్లే తన బతుకనుకుంది. రాళ్ల మీద రంగుతో వేసిన నంబర్లు వానలకు కొట్టుకుపోయాయి, ఏది ఎక్కడిదో ఇక ఆమె కంటికే తెలుసు. ఇవాళ గర్భగుడి ద్వారం ఎత్తుతున్నారు.

తొర్రూరు నుంచి పని చూడ్డానికొచ్చిన అత్త బాలనర్సమ్మ, కల్పన మొహం చూసే కనిపెట్టేసింది.

"బయటున్నవా? గుడి దిక్కు పోకు బిడ్డా. ఊరోళ్లకు తెలిస్తే పని బందు పెడ్తరు."

ఈ పని కాంట్రాక్టు తీసుకున్న భర్త వేణు నవ్వాడు. "నేను లేనా? నువ్వు టార్పాలిన్ కింద కూసోని బొమ్మలు గీసుకో. రాయి నిలబెట్టుడు పెద్ద కథనా?"

'పెద్ద కథే' అనాల్సింది. "సరే" అంది. మొన్ననే కాలేజీ ఆడపిల్లల ముందు మైకు పట్టుకుని 'సైటులో మీ చోటు మీరే తీసుకోవాలి' అని చెప్పిన నోరే అది. టార్పాలిన్ కింద కూర్చుంది, అటుగా పోయే మేస్త్రీలందరికీ తనెందుకు కూర్చుందో తెలిసిపోయినట్టే అనిపించి తల వంచుకుంది.

అప్పుడు గుడి లోపలినుంచి ఉలి చప్పుడు.

పాత రాయి కుదరలేదంటే అది దాని చోటు కాదని అర్థం, చెక్కకూడదు. ఒక్క కేక వేస్తే ఆగిపోతారు. అత్త ఇటే చూస్తోంది. కల్పన చప్పుడు ఆగేదాకా వింటూనే కూర్చుంది.

వేణు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఎడమ దిక్కు రాయి జర ఎక్కువైంది. అంచు కొట్టి కూసోబెట్టినం."

"అంచు మీద చెక్కిన హంసలుంటయి."

"రెండే పోయినయి తియ్. ఎవరు చూస్తరు?"

"అది ఎడమది కాదు వేణూ. కుడిది."

ఎన్ని వందల ఏళ్లో నిలిచిన హంసలు, తన ఒక్క 'సరే'తో పోయాయి. నెత్తురుకు కాదు, ఆ చప్పుడు వింటూ కూర్చున్నందుకు సిగ్గేసింది. ఇంకా పై దూలం ఎక్కాలి. లేచింది.

"ఏడికే?" అంది అత్త.

"లోపటికి."

"మెల్లగ మాట్లాడు, అందరు ఇంటరు!"

"విననియ్ అత్తమ్మా. ముట్టయిన, అయినా పోతున్న. ఓ మేస్త్రీ, దూలం ఎత్తకున్రి, నేనొస్తున్న!"

గడప నిండా హంసల పొడి తెల్లగా పడి ఉంది. తొక్కకుండా దాటే చోటు లేదు. తొక్కుకుంటూనే లోపలికి వెళ్లింది.