పాల కవర్ కట్టిన గేమ్ డబ్బా

జంగమ్మకు ఒళ్లు మండిపోతోంది. ఇబ్రహీంపట్నం బస్టాండ్ ఎదుట తన సోడా కొట్టులో పిల్లలు డబ్బులిచ్చి ఆడుకునే వీడియో గేమ్ డబ్బా ఇరవై రోజులుగా గీతలు తప్ప బొమ్మ చూపించడం లేదు. దాని వెనక మఠం వేసుకుని కూర్చున్న మెకానిక్ జనార్దనరావు తాపీగా మీటరు ముల్లు చూస్తున్నాడు.

"గంటసేపట్నుంచి ఏం చూస్తున్నవయ్యా? తెల్వకుంటే తెల్వదని చెప్పు. మొన్న ఒకడొచ్చి పాతదైంది పారెయ్యమన్నడు. భూముల రేట్లు పెరిగినకాన్నుంచి మీకు పాతది ఏదీ కంటికి ఆనుతలేదు."

"పారెయ్యమని నేనన్నానా అమ్మా?" బడంగ్‌పేట్‌లో టీవీల రిపేరు షాపు నడిపే జనార్దనరావు తలెత్తలేదు. "కరెంటు సరిగ్గానే వస్తోంది. తెర కూడా మంచిదే. తప్పు ఈ బోర్డులోనే ఉండాలి."

"తప్పు బోర్డుది కాదు, నా తమ్మునిది! ఆయితారం ఆయితారం వెనక చెక్క ఊడదీసి కెలుకుతడు. గదే మొఖం మీద అడిగిన."

అడిగిన మాట నిజమే. దసరా మర్నాడు తెర నిండా గీతలు కనిపించగానే తమ్ముడు కాశయ్యను నానా మాటలూ అంది. పన్నెండేళ్ల కిందట కోఠీలో పాతసామాను కొట్టు నుంచి ఆ డబ్బా తెచ్చింది అతనే. ఆమె భర్త పోయాక అక్కకు తోడుంటానని వచ్చిందీ అతనే. ఆ మాటలకు కాశయ్య సంచి సర్దుకుని నాదర్‌గుల్‌లో తన కూతురింటికి వెళ్లిపోయాడు. బస్సు కదిలేదాకా జంగమ్మ కొట్టు దిగలేదు. భర్తను దవాఖానకు తీసుకుపోయిన రోజూ అంతే, గిరాకీ ఉందని బండి దాకా వెళ్లలేదు. అది గుర్తొచ్చినకొద్దీ ఆమెకు కాశయ్య మీద కోపం పెరిగేది.

జనార్దనరావు బోర్డు ఊడదీసి వెలుతురులో పెట్టాడు. చిప్పుల కాళ్ల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. స్పిరిట్‌తో తుడిస్తే దూదికి ఎర్రరంగు అంటింది. వాసన చూశాడు.

"దీని మీద ఏం పోస్తారమ్మా?"

"పోసుడేంది? తలకాయ ఉన్నోడెవడన్న కరెంటు డబ్బల నీళ్లు పోస్తడా?"

"చిలుముకు ఎరుపు రాదు. ఇది కుంకుమ."

"ఆయుధపూజకు బొట్టు పెట్టనా మరి? డబ్బా మీద పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మీదికెళ్లి చల్లుత. మీ ఆంధ్రోళ్లు చల్లరా?"

"చల్లుతాం. కానీ పైన గాలి కోసం చిల్లులున్నాయి కదమ్మా."

జంగమ్మ డబ్బా పైభాగం చూసింది. బొట్లన్నీ ఆ చిల్లుల చుట్టూనే ఉన్నాయి. అయినా తగ్గలేదు.

"ఏటేటా చల్లుత. ఇన్నేండ్లు లేనిది గీ యేడే ఖరాబయిందా?"

జనార్దనరావు డబ్బాలోకి టార్చి వేశాడు. చిల్లుల కింద తీగతో కట్టిన ప్లాస్టిక్ తొట్టి ఒకటి బయటికి లాగాడు. పాల కవర్లు కోసి సూదిదారంతో కుట్టిన తొట్టి అది. అడుగున ఎర్రటి మడ్డి ఎండిపోయి ఉంది. ఒక మూల చినిగింది.

"ఇన్నాళ్లూ నీళ్లను ఇది పట్టిందమ్మా. మీ తమ్ముడు చెక్క ఊడదీసేది దీన్ని చూసుకోవడానికే అయ్యుంటుంది."

కాశయ్య పాల కవర్లు కడిగి దాచుకుంటుంటే బిచ్చపు బుద్ధి అని నవ్వేది జంగమ్మ.

"తెలిసి కూడ చెప్పలేదా! ఎంత పొగరు వానికి!" అంది.

చిలుము తినేసిన చోట జనార్దనరావు సన్నటి వైరు అతికించి బోర్డు బిగించాడు. తెర మీద ఒక్క గీత మిగిలింది గానీ, బొమ్మ వచ్చింది, పాట మోగింది. జంగమ్మ అప్పటికే కొట్టు ముందున్న ఎర్ర కాయిన్ బాక్సు ఫోన్‌లో రూపాయి వేసి కాశయ్య కూతురింటికి కలిపింది.

"నోరు లేదార నీకు? కొబ్బరినీళ్లు పడుతున్నయంటే నిన్ను కొరుకుదునా?"

అవతల కాశయ్య నసిగాడు.

"ఒక్కసారి వద్దన్న అక్కా. బావ సచ్చిపోయిన యేడు నువ్వు కాయ కొట్టలేదని, గందుకే ఆయన పోయిండని ఏడ్చినవ్. మళ్ల ఎట్ల వద్దంట?"

జంగమ్మ తిట్టబోయి ఆగింది.

"డబ్బా మోగుతున్నది, ఇనబడుతుందా? పొద్దుగాల మొదటి బస్సుకు రా. నేను స్టాండ్ కాడ నిలవడుత."

"గప్పుడు నీకు గిరాకీ ఉంటది గదనే!"

"ఉండనీరా."