బోర్డు మీది అడ్రసు

"ముందు ఆ పాలగిన్నె తోమేసి, తర్వాత నల్ల తెర ముందు కూర్చోవచ్చుగా" అంది అత్తయ్య. ఆవిడ మాటలో కోపం ఉండదు. కోపమైతే ఎదురు చెప్పొచ్చు. కుళాయి కారుతోంది అని చెప్పినంత మామూలుగా చెబుతుంది. పాలగిన్నెలో అడుగంటినదంతా గోకి, తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచాను. కంప్యూటర్‌కి ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెరలో ఒక లైను కొట్టాను. సర్వర్ నడుస్తోందని కింద ఇంకో లైను పడింది. అప్పుడు బ్రౌజర్ తెరిస్తే మా కుర్చీల షాపు కనిపించింది. ఏ కుర్చీ మీద నొక్కితే ఆ కుర్చీ గుండ్రంగా తిరిగి, వీపు కూడా చూపిస్తుంది. అలా తిరగడానికి నాకు ఎన్ని మధ్యాహ్నాలు పట్టాయో ఆ కుర్చీకి తెలియదు, కూర్చునేవాడికి అసలే తెలియదు.

ఆ సైటు ఇంకా లోకంలోకి రాలేదు. నా లాప్‌టాప్‌లో మాత్రమే ఉంది. నల్ల తెరలో నేను లెమ్మంటే లేస్తుంది, ఆ తెర మూస్తే పడుకుంటుంది. ఈ పని చేసేవాళ్ళందరం ముందు ఇలాగే చేస్తాం. తప్పులన్నీ మన దగ్గరే దిద్దుకుని, తర్వాత ఇంటర్నెట్‌లో అద్దెకు జాగా తీసుకుని అందులో పెడతాం. ఆ జాగా తీసుకుందామని ఆయనకు చెబుతూనే ఉన్నాను. "ఇది ఇంకా నాకు తప్ప ఎవరికీ కనబడదండీ" అంటే పేపరు వెనక నుంచి "ఊఁ" అనేవారు. మా ఆయన 'ఊఁ'కి అర్థం విన్నానని కాదు, ఇక చాలని. పెళ్ళయిన కొత్తలో అది తెలియక ఆ 'ఊఁ'ల మీద చాలా ఆశలు కట్టుకున్నాను.

నాకూ ఒక ఉద్యోగం ఉండేది. మామయ్య మంచం పట్టినప్పుడు "ఉద్యోగానిదేముంది, ఎప్పుడైనా దొరుకుతుంది" అని మాన్పించారు. మంచం మీద పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, రాత్రి దగ్గితే లేవడం నా వంతు. డాక్టరుతో గంభీరంగా మాట్లాడటం కొడుకుల వంతు. మామయ్య పోయారు. ఉద్యోగం మాత్రం దొరకలేదు. మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారని ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు. ఏం చేశానని చెప్పను? అంతలో షాపు పెద్దది చేస్తూ ఆయన "నువ్వెలాగూ ఖాళీయే కదా, మనకో వెబ్‌సైటు చెయ్యి" అన్నారు. ఆ ఖాళీ ఎక్కడుందో ఇల్లంతా వెతికాను. స్టవ్ కింద ఉందా, బట్టల బుట్టలో ఉందా, అత్తయ్య మోకాళ్ళ నూనె సీసాలో ఉందా. చివరికి మధ్యాహ్నం నిద్ర మానుకుని నేనే కాస్త ఖాళీ చేసుకున్నాను. రంగులు మాత్రం మా మరిది ఎంచాడు. బోర్డరు నీలం అయితే బాగుంటుందన్నాడు. ఆ రోజు నుంచి "మా తమ్ముడు వెబ్‌సైటు చేస్తున్నాడు" అని ఆయన అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. ఒకసారి ఉండబట్టలేక "నేను కదండీ చేస్తోంది" అన్నాను. "ఇంట్లోవాళ్ళ మధ్య నీదీ నాదీ ఏమిటే" అని నవ్వారు. షాపు కాగితాల మీద అన్నదమ్ముల పేర్లు మాత్రం విడివిడిగానే ఉన్నాయి.

ఇంతలో నా పాత ఆఫీసు మేడమ్ ఫోను చేసింది. ఆవిడ ఇప్పుడు వేరే చోట పెద్ద స్థానంలో ఉంది. "ఒక పోస్టు ఉంది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉందేమిటని మావాళ్ళు నసుగుతున్నారు. ఈమధ్య చేసిందేదైనా నీ కంప్యూటర్లో నడిపి చూపించు. లోపల ఎలా కట్టావో చెప్పు. మిగతాది నాకొదిలెయ్" అంది. శుక్రవారం పదకొండు గంటలకు వీడియో కాల్. నాకు కావలసింది నా లాప్‌టాప్, మూసుకునే తలుపున్న ఒక గది. ఆయనకు చెప్పాను. "ఊఁ" అన్నారు.

షాపు ప్రారంభం కూడా శుక్రవారమే పెట్టారు. పొద్దున వంటగదిలో ఫ్లాస్కుల నిండా కాఫీ పోసి వచ్చేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. దుమ్ములో దాని చోటు మాత్రం నలుచదరంగా ఉంది. ఫోను చేశాను.

"ఇక్కడే ఉంది, తమ్ముడు తెచ్చాడు" అన్నారు ఆయన. "వచ్చినవాళ్ళకి పెద్ద టీవీలో చూపించాలి కదా."

"నాకు ఇంటర్వ్యూ ఉందని చెప్పానండీ."

"రేపు పెట్టించుకో. ఆడవాళ్ళు అడిగితే కాదంటారా ఏంటి. ఆ ఫ్లాస్కులు పంపించు ముందు."

పంపడానికి ఎవరూ లేరు. నేనే ఆటోలో బయలుదేరుతుంటే మరిది ఫోను. "వదినా, నువ్వు చేసింది రావట్లేదు. ఎవరి ఫోన్లోనూ రావట్లేదు. తొందరగా రా, పరువు పోతోంది."

ఆటో దిగగానే పరువు ఎలా పోయిందో కనిపించింది. షాపు ముందు కొత్త బోర్డు. కుర్చీ బొమ్మ పక్కన, మూర పొడుగు అక్షరాలతో 'లోకల్‌హోస్ట్ 8000' అని రాయించారు. నా తెర పైన కనిపించే అడ్రసు చూసి మరిది రాసుకెళ్ళి పెయింటరుకు ఇచ్చాడట. లోకల్‌హోస్ట్ అంటే 'ఈ మిషన్లోనే' అని; ఆ అడ్రసు కొడితే ఏ ఫోనైనా తన కడుపులోనే వెతుక్కుంటుంది, మా షాపు కోసం కాదు. రిబ్బను చుట్టూ నిలబడ్డ పెద్దమనుషులందరూ ఎవరి ఫోను వాళ్ళు పొడుస్తున్నారు. లోపల టీవీ మీద కూడా ఏమీ లేదు.

"నల్ల తెర ఉండాలి, ఏమైంది?" అని మరిదిని అడిగాను.

"మూసేశాను వదినా. నలుగురూ వచ్చేచోట అదేం అందం, దిష్టిబొమ్మలాగా."

ఆయన దగ్గరకు వచ్చారు. కలప వ్యాపారి పక్కనే ఉన్నాడు. ఆ వ్యాపారి వైపు తిరిగి నవ్వుతూ "మా ఆవిడ చేసిందిలెండి, ఇంతకన్నా ఏముంటుంది" అన్నారు. వ్యాపారి కూడా నవ్వాడు. నేను ఫ్లాస్కులు పట్టుకుని నిలబడ్డాను. నిన్నటిదాకా తమ్ముడు చేశాడు. చెడింది కాబట్టి ఈ పొద్దున నేను చేశాను. ఇన్నాళ్ళకు నా పని నాదని ఆయన నోటితో ఒప్పుకున్నారు, అదీ నలుగురిలో.

ఫ్లాస్కులు కింద పెట్టి నల్ల తెర తెరిచాను. లైను కొట్టాను. టీవీ మీద మా కుర్చీ ప్రత్యక్షమై మెల్లగా తిరిగింది. చప్పట్లు కొట్టారు. కలప వ్యాపారి మరిది భుజం తట్టి "గట్టివాడివయ్యా" అన్నాడు. మరిది సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు, పొగడ్త తనదైనట్టు.

"సరే, నువ్వెళ్ళి కాఫీలు చూడు" అన్నారు ఆయన.

గోడ గడియారం పదకొండుకు దగ్గర పడుతోంది. లాప్‌టాప్‌కి గుచ్చిన టీవీ వైరు పీకేశాను. టీవీలో కుర్చీ సగం తిరిగి మాయమైంది.

"అదేంటి వదినా?"

"నాకు పనుంది."

"నీకేం పని?" ఆయన గొంతు తగ్గించారు. వచ్చినవాళ్ళ ముందు ఆయన గొంతు ఎప్పుడూ తగ్గే ఉంటుంది. "అందరూ చూస్తున్నారు, అది అక్కడ పెట్టు."

పెట్టలేదు. షాపు వెనక, రంగు వెయ్యని కుర్చీలు పేర్చిన గదిలోకి వెళ్ళి గడియ వేశాను. రంపపు పొట్టు మీద ఒక కుర్చీ లాక్కుని, నా ఫోను నుంచి నెట్టు తగిలించాను. మేడమ్ ముఖం కనిపించింది, పక్కన ఇంకో ఇద్దరు. చూపించాను. ఏది ఎలా కట్టానో, ఎక్కడ తప్పు చేశానో, ఎలా దిద్దానో చెప్పాను. మొదట నాలుక తడబడింది. చాలా కాలంగా ఏం కావాలి, ఎప్పుడు వస్తారు, ఇంకాస్త వెయ్యనా అనే మాటలే మాట్లాడిన నాలుక అది. కాసేపటికి దానంతట అదే దారిలో పడింది. తలుపు మీద ఆయన వేళ్ళతో కొడుతూనే ఉన్నారు. నా పేరు మాత్రం పిలవడం లేదు, "ఏమే, ఏమే" అంటున్నారు.

"బాగుంది" అన్నాడు మేడమ్ పక్కనున్నాయన. "మీతో పాటు ఇంకెవరు పనిచేశారు?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

"అయితే ఇది ఆ షాపువాళ్ళకి అప్పగించేశారా?"

తలుపు మీద చప్పుడు ఆగింది. అవతల వింటున్నారని తెలుసు. గొంతు తగ్గించలేదు.

"లేదండీ. వాళ్ళకి ఇవ్వడం లేదు."