కీబోర్డు చెప్పించిన సాక్ష్యం

మా నాయన దేవదానం పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. నంద్యాల ఆస్పత్రిలో రాలేదు, ఆళ్లగడ్డలో సమాధి మీద మట్టి వేసేటప్పుడూ రాలేదు. అందుకు నేనేమీ సిగ్గుపడలేదు. అమ్మ ఎడమ చెవి పోవడానికి కారణం ఆయన చెయ్యే. కుడి చెవి వయసుతో మందగించింది, దానికి వినికిడి మిషన్ పెట్టుకుంటుంది.

నాయన కోసం ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక రోజు పొద్దున వంటింట్లో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాయన గురించి సాక్ష్యం చెప్పమంటారు పాపా. మైకు ముందర నాకు నోరు రాదు. నువ్వే చెప్పల్ల. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇన్నేండ్లూ సంఘమంతా ఆయప్ప పాటే విన్న్యారు. నా మాట ఎవురూ వినలే."

"చెప్తామ్మా" అని మాటిచ్చాను.

ఆ పాట సంగతి చెప్పాలి. నాయన తానే కట్టుకున్న పాట అది. ఆదివారం గుడిలో ఆయన ఎత్తుకుంటే చాలు, ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. ముందు రోజు అదే నోటితో అమ్మను అన్న మాటలు నేను రాయలేను. దెబ్బలకు తాళలేక అమ్మ శిరివెళ్లలో పుట్టింటికి వెళ్లిపోతే, ఆయన వాకిట్లో నిలబడి ఆ పాటే పాడేవాడు. అమ్మ కరిగిపోయి, సంచి సర్దుకుని ఆయన వెనకాలే వచ్చేసేది. ఆ కరగడం నాకు చిన్నప్పుడే నచ్చేది కాదు. మనిషికి బుద్ధి ఉండాలి గానీ పాటకు లొంగడమేమిటి అనుకునేదాన్ని.

కూడికకు మా తమ్ముడు తిమోతి రుద్రవరం నుంచి సాల్మన్ రాజును పిలిపించాడు. "ఆయప్ప కీబోర్డు వాయిస్తే ఏడవనోళ్లు ఉండరక్కా" అన్నాడు, అదేదో గొప్ప విషయమైనట్టు. షామియానా కింద చూశాను కదా ఆ గొప్పతనం. ఎవరు ప్రార్థన చేసినా, ఎవరు సాక్ష్యం చెప్పినా, వెనకాల సన్నగా వాయిస్తూనే ఉంటాడు. మాట్లాడేవాళ్ల గొంతు కాస్త వణికితే చాలు, సౌండు పెంచుతాడు. ఒక చెయ్యి కీబోర్డు మీద, రెండో చెయ్యి సెల్‌ఫోన్ మీద. వీడియోలు తోసుకుంటూ మధ్యలో పళ్లసందుల్లోంచి వక్కముక్క తీసి ఆ వేలితోనే మళ్లీ మెట్లు నొక్కాడు. ముందు వరసలో వాళ్లు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. వెనక నుంచి బిర్యానీ మసాలా వాసన. నాకు రోత పుట్టింది.

"ఇప్పుడు కూతురు రూతమ్మ సాక్ష్యం చెప్తారు" అన్నాడు పాస్టరు.

మైకు తీసుకున్నాను. చెప్పాల్సిన మాట నోటి చివరే ఉంది. మా నాయన మా అమ్మను కొట్టేవాడు. అంతే.

సాల్మన్ రాజు కీబోర్డు మీద మా నాయన పాట అందుకున్నాడు.

చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చిన్నప్పుడు జాతరలో నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకున్నప్పుడు ఆయన పాడుతుంటే నా కాళ్లకు తగిలిన అదురు ఒంట్లో మళ్లీ లేచింది. నేను పిలవలేదు దాన్ని, ఛీ, పొమ్మన్నా పోలేదు.

"మా నాయన..." అన్నాను. సౌండు పెరిగింది. "మా నాయన బంగారం లాంటి మనిషి."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ముక్కు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ భోరుమన్నాను. జనమంతా నాతో పాటు ఏడ్చారు. ఇంకా ఏమేం వాగానో గుర్తు చేసుకోవడం కూడా ఇష్టం లేదు.

వచ్చి అమ్మ పక్కన కూలబడ్డాను. అమ్మ కళ్లు పొడిగా ఉన్నాయి. కుడి చెవి వైపు చూశాను. మిషన్ లేదు. అమ్మ కొంగు ముడి చూపించింది.

"ఆ పాట వినగూడదని తీసేసినా పాపా. వింటే మళ్లా ఆయప్ప దిక్కే పోతా." నా వీపు నిమిరింది. "ఉన్నదంతా చెప్పినావా? అందురూ ఏడుస్తాండారు చూడు. నా కోసరం ఇంతమంది ఏడుస్తారని నేను అనుకోలే."

నా ఒళ్లంటే నాకే అసహ్యం వేసింది. ఏడ్చి ఎర్రబడ్డ నా ముఖాన్ని అమ్మ ఎంత గర్వంగా చూస్తోందో చూడలేకపోయాను.

లేచి నేరుగా కీబోర్డు దగ్గరికి వెళ్లి వైరు పీకేశాను.

"ఏందక్కా, ఏం చేస్తాండావ్!" అని తిమోతి పరుగెత్తుకొచ్చాడు. సాల్మన్ రాజు ఫోను మీంచి తలెత్తాడు, అప్పటికి.

వెనక్కి వచ్చి అమ్మ కొంగు ముడి విప్పి మిషన్ తీశాను. అమ్మ బెదిరి తల పక్కకు తిప్పుకుంది. కీబోర్డు వైపు చూపించి, లేదని చెయ్యి ఊపాను. అప్పుడు పెట్టనిచ్చింది.

మైకు మళ్లీ అందుకున్నాను. ఫ్యాన్ల చప్పుడు, వెనక గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా గొంతు బొంగురుగా, ఏ సొంపూ లేకుండా వచ్చింది.

"ఇందాక నేను చెప్పింది అబద్ధం. మా నాయన మా అమ్మను కొట్టేవాడు. ఆమె చెవి పోగొట్టింది ఆయనే."

ఒక్కరూ ఏడవలేదు. కొందరు లేచి భోజనాల వైపు వెళ్లారు. అమ్మ మిషన్ మీద చెయ్యి ఆనించుకుని చివరిదాకా విన్నది.