పెదవి మీద పొక్కు

వీధిలో అందరికీ ఆమె మిషను పిన్ని. ఎంత పాత గుడ్డ తెచ్చినా వంక పెట్టకుండా కుట్టేది. తెచ్చిన మనిషికి మాత్రం వంక పెట్టకుండా పంపేది కాదు. మనవరాలు పోయాక ఆ నోరు మూతబడింది.

కూతురి బిడ్డ, నెలైనా నిండని పసిగుడ్డు. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే, హెర్పిస్ అనే వైరస్ అన్నారు. పెద్దవాళ్ల పెదవి మీద పొక్కుగా లేచి పోయేదే, పసివాళ్ల ప్రాణం తీస్తుందట. ఎవరి ముద్దులోంచో వచ్చి ఉండొచ్చన్నాడు డాక్టరు. ఎవరిదని ఆయన అడగలేదు గానీ, పిన్ని తనను తాను అడుగుతూనే ఉంది. ఆ రోజుల్లో ఆమె పెదవి మూల చిన్న పుండు ఉండేది. దారాన్ని పంటితో తెంపే అలవాటు కదా, గీసుకుపోయిందనుకుంది. ఆ నోటితోనే పాపను ముద్దులాడింది.

పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకోవడానికి చెప్పులరిగేలా తిరిగింది. వీధి చివరి ల్యాబువాళ్లకు షుగరు, థైరాయిడు తప్ప మరో లోకం లేదు. పళ్ల డాక్టరు తనకు తెలియదన్నాడు. చివరికి బస్టాండు వెనక మేడ మీది ల్యాబులో ఒక అమ్మాయి చేస్తామంది.

“కానీ మీ పుండు మానిపోయిందిగా పిన్నిగారూ. రక్తంలో చూస్తే వైరస్ ఒంట్లో ఉందో లేదో తెలుస్తుంది గానీ, ఆ పుండు దానిదేనా అన్నది తెలీదు. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దూదిపుల్లతో తుడిచి చూడాలి. మళ్లీ లేస్తే రండి.”

పుండు పోవాలని మొక్కుకునేవాళ్లను చూశాం గానీ, రావాలని కాచుకున్నది పిన్ని ఒక్కతే. ఎండ తగిలితే లేస్తుందని ఎవరో అంటే, కావాలని ఎండలో కూర్చుంది. లేస్తూనే అద్దం చూసుకునేది. ఒక పొద్దున అదే మూల చురుక్కుమని పొక్కు లేచింది. వెంటనే బయల్దేరింది. దారం గీరిందేనని తేలితే చాలు, మళ్లీ అన్నం సయిస్తుందనుకుంటూ మెట్లెక్కింది.

లోపల బల్ల మీద కూతురు కూర్చుని ఉంది. చేతిలో కాగితం నలిగిపోయింది.

“నువ్వేంటే ఇక్కడ?”

“రక్తం ఇచ్చానమ్మా. నా ఒంట్లో ఉందట.” కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “పొక్కు లేవకపోయినా అంటుతుందట. నేనే చంపుకున్నానమ్మా.”

“ఈ కాగితంలో అలా లేదక్కా. చాలామందికి ఉంటుంది ఇది. ఎంత చెప్పినా వినట్లేదు పిన్నిగారూ,” అంది ల్యాబు అమ్మాయి. అంతలో పిన్ని పెదవి చూసి దూదిపుల్ల తీసింది. “లేచిందా? రండి, చూసేద్దాం.”

పిన్ని కూతురి ముఖం చూసింది. చిన్నప్పుడు పడి మోకాలు పగిలితే ఆ పిల్ల ఇలాగే చూసేది.

“ఇంకెందుకమ్మా? వేరేచోట చేయించాను. అదేనని తేలింది.” కూతురి వైపు తిరిగింది. “నాదే తల్లీ. పాపను ఎత్తుకున్నప్పుడు నాకీ పుండు ఉంది. నువ్వు గమనించలేదు.”

ఆ పరీక్ష ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా చేయరని ల్యాబు అమ్మాయికి తెలుసు. దూదిపుల్లను పక్కన పెట్టేసింది.

కూతురు ఆ పొక్కునే చూస్తూ ఉండిపోయింది. పట్టుకున్న తల్లి చెయ్యి వదిలేసింది. పాప పోయినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఏడుస్తూనే మెట్లు దిగింది. పిన్ని గుండె చెరువైనా, ఎక్కడో కాస్త స్థిమితపడింది. పిల్ల ఇక అమ్మను తిట్టుకుంటుంది, తన్ను తాను తినేయదు.

కింద కూతురు తూలి గోడ పట్టుకుంటే, పిన్ని గబగబా దిగి చెయ్యి చాచింది.

“నన్ను ముట్టుకోకమ్మా,” అంది కూతురు.