లోపల గడియ ఉన్న గది

ఎర్లిండా చేసిన తప్పల్లా, సంచి సర్దుకుంటూ పక్క మంచం వైపు తిరిగి "నువ్వూ రారాదూ" అనడమే. ఫిలిప్పీన్స్‌లో, అదీ ఇలోయిలో అనే ఊరి వైపు పుట్టిన మనిషి, ఎక్కడికి బయల్దేరినా ఎదుటివాళ్ళతో ఆ మాట అని తీరాలి. ఎదుటివాళ్ళు "అబ్బే, నాకెందుకు, నువ్వెళ్ళిరా" అని తీరాలి. నిజంగా రమ్మనాలని ఉంటే రెండోసారి అడుగుతారు. అప్పుడూ కాస్త బెట్టు చేసి మూడోసారికి ఒప్పుకుంటారు. మెల్‌బోర్న్‌లో తొమ్మిదేళ్ళున్నా ఎర్లిండా ఈ పద్ధతి ఒక్క పూట తప్పలేదు. నెనీత మాత్రం మొదటి మాటకే మంచం దిగి, కిందున్న పెట్టె బయటికి లాగింది.

"ఎన్ని రోజులక్కా? మూడేనా? అన్నం కుక్కర్ పెట్టేస్తున్నా. అక్కడ బియ్యం దొరుకుతాయో లేదో."

"టాస్మేనియాలో బియ్యం దొరక్కపోవడమేంటే."

"దొరికినా మన బియ్యం కాదుగా."

ఆ ఇంట్లో ఆరుగురు ఆడవాళ్ళు, రెండు పడకగదులు. ఎర్లిండా మంచానికీ నెనీత మంచానికీ మధ్య ఒక చెప్పుల జత పట్టేంత జాగా. ఇద్దరూ ఒకే వృద్ధాశ్రమంలో పనిచేస్తారు. ఎర్లిండా కంటే నెనీత తొమ్మిదేళ్ళు చిన్నది. సిగ్గు అనేది మాత్రం ఏ వయసులోనూ దాని దరిదాపులకు రాలేదని ఎర్లిండా గట్టి నమ్మకం.

అసలు ఎర్లిండా వెళ్తున్నది ఊళ్ళు చూడటానికి కాదు. టాస్మేనియా దీవిలో, హువాన్ నది ఒడ్డున ఓ చిన్న ఊళ్ళో వృద్ధాశ్రమం ఉంది. అక్కడ మనుషులు దొరకక అల్లాడుతున్నారు. ఆమె ఫోన్లో మాట్లాడింది, కాగితాలన్నీ పంపింది. శుక్రవారం ఒకసారి వచ్చి చూసి వెళ్ళమన్నారు. ఉద్యోగం ఎక్కడైనా ఒకటే, ముసలివాళ్ళు ఎక్కడైనా ముసలివాళ్ళే. ఆమెకు కావలసింది ఆ ఉద్యోగంతో ఇచ్చే గది. ఆశ్రమం వెనక పెరట్లో, పనిచేసేవాళ్ళకు విడిగా ఒక గది. ఎర్లిండాకు నలభై మూడేళ్ళు. చిన్నప్పుడు నలుగురు అక్కచెల్లెళ్ళతో ఒకే చాప. ఆ తర్వాత నర్సింగ్ హాస్టల్, కువైట్‌లో పై మంచం, ఇప్పుడు ఇది. తలుపేసుకుని లోపల గడియ పెట్టుకుని పడుకున్న రాత్రి ఆమె బతుకులో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఈ సంగతి ఇంట్లో చెబితే, ఉద్యోగం రాకపోయిన నాడు ఐదుగురూ కలిసి జాలిపడతారు. ఆ జాలి కంటే చావు నయం. అందుకని "పాత ఖైదీల జైలు చూసొస్తా" అని చెప్పింది. ఆ జైలు చూడటానికి నెనీత తోడు బయల్దేరింది.

మొదటి రోజు హోబార్ట్ నగరం పక్కన కొండెక్కారు. పైన ఈదురుగాలి, రాళ్ళ సందుల్లో ఇంకా కరగని మంచు. నెనీత వేళ్ళు కనిపించే చెప్పులతో వచ్చింది. వణుకుతూనే దారినపోయే ప్రతివాడికీ ఫోన్ అందించి ఫొటో తీయమంది. చేతులు చాపి ఒకటి, మంచు ముక్క నోటి దగ్గర పెట్టుకుని ఒకటి, ఎవరిదో కుక్కను ఎత్తుకుని ఒకటి. కుక్క గలాయన నవ్వుతున్నాడు. ఎర్లిండా పది గజాల దూరంలో, తనకూ ఈ మనిషికీ ఏ సంబంధమూ లేనట్టు లోయలోకి చూస్తూ నిలబడింది.

సాయంత్రం మోటెల్ గదిలో నెనీత అన్నం వండి, బట్టల్లో చుట్టి తెచ్చిన ఎండుచేపలు వేయించింది. కాసేపటికి పక్కగది ఆవిడ తలుపు తట్టింది. ఎర్లిండాకు తల కొట్టేసినట్టయింది. నెనీత తలుపు తీసి, "రండి, తింటారా?" అంది. తెల్లావిడ ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది.

"మర్యాదకైనా వద్దనలేదు చూడు," అంది నెనీత.

"నువ్వు మర్యాద గురించి మాట్లాడకే తల్లీ," అంది ఎర్లిండా.

మరునాడు జైలు. సముద్రం పక్కన పచ్చగడ్డి మీద కూలిన గోడలు, పూలమొక్కలు. మనుషుల్ని కొట్టి చంపిన చోటంటే ఎవరూ నమ్మరు. ముందు పడవలో చిన్న షికారు. ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలి దంపతులు డబ్బా తెరిచి, "ఇంట్లో చేసిన శాండ్విచ్‌లు, తీసుకోండి" అన్నారు. ఎర్లిండా పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. "పర్లేదండీ, ఇప్పుడే తిన్నాం" అని చిరునవ్వు నవ్వి రెండో పిలుపు కోసం ఆగింది. ముసలాయన డబ్బా నెనీత వైపు తిప్పాడు. నెనీత ఒకటి తీసుకుంది. ఆవిడ ఇంకోటి తీసుకోమంటే అదీ తీసుకుంది.

"ఇప్పుడే తిన్నామన్నానుగా," అంది ఎర్లిండా తమ భాషలో, పళ్ళ మధ్య నుంచి.

"నువ్వు తిన్నావేమో. నేను తినలేదు." నెనీత నమిలింది. "వీళ్ళు మళ్ళీ అడగరక్కా. ఎన్నేళ్ళయినా నీకు తెలీదా?"

తెలుసు. తిండి దగ్గర ఈ దేశపువాళ్ళకు మంచీ మర్యాదా లేదని ఎర్లిండా ఏనాడో తేల్చేసుకుంది. పశువుల ముందు గడ్డి పడేసినట్టు ఒకసారి చూపిస్తారు, తింటే తిను, లేకపోతే లేదు. అలాంటివాళ్ళ దగ్గర అలాగే ఎగబడే మనిషి తమలో ఒకతె ఉండటమే ఆమె భరించలేకపోయింది. ఇన్నేళ్ళలో నెనీత నేర్చుకున్నది ఇదన్నమాట.

ఒడ్డుకు వచ్చాక జైల్లో ఒంటరి ఖైదీల కొట్లలో ఒకదాంట్లోకి దూరి నెనీత చేతులు చాపి గోడలు కొలిచింది.

"ఇదిగో అక్కా, మన గదిలో నీ వాటా కంటే పెద్దదే. ఒక్కడికే ఇంత ఇచ్చారు."

చుట్టూ ఉన్నవాళ్ళకు భాష తెలియకపోవడం ఎర్లిండా అదృష్టం. నిజానికి గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమెకూ అదే తోచింది. ఖైదీ గది చూసి కుళ్ళుకున్న మనిషి లోకంలో తనొక్కతే ఉంటుందనుకుంది. ఆ మాట నెనీత నోటివెంట పైకి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "చాల్లే, బయటికి రా," అని విసవిసా నడిచింది.

శుక్రవారం పొద్దున, తెలిసినావిడ ఇక్కడి ఆశ్రమంలో పనిచేస్తోంది, పలకరించి వస్తానని చెప్పింది. "నువ్వు మోటెల్‌లోనే పడుకోరాదూ" అని కూడా అంది. నెనీత అప్పటికే జడ వేసుకుంటోంది. "నేనూ వస్తా. నాకేం పని" అంది.

ఆశ్రమం చిన్నది. ఇరవైమంది ముసలివాళ్ళు, ముందు గులాబీ మొక్కలు, పెరటి వెనక నది. మేనేజర్ హెదర్ పొడుగాటి మనిషి, చేతుల నిండా ఎండ మచ్చలు. నెనీతను హాల్లో కూర్చోబెట్టి ఎర్లిండాను తన గదిలోకి తీసుకెళ్ళింది. పావుగంటసేపు మాట్లాడింది. ఎర్లిండా అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. ఇందుకోసమే నీలం చొక్కా ఇస్త్రీ కూడా చేసుకుని తెచ్చుకుంది.

హెదర్ ఫైలు మూసింది. "నాకైతే అంతా బాగానే ఉంది. పోస్టు మీకే ఇద్దామనుకుంటున్నాం. ఏమంటారు?"

ఇంతవరకూ ఏ ఉద్యోగమూ ఎర్లిండా ఇలా ఎదురుగా కూర్చుని తీసుకున్నది కాదు. కువైట్‌లో పిన్ని మాట్లాడింది, మెల్‌బోర్న్‌లో వదిన మాట్లాడింది. ఆమె తల వంచుకుని నిలబడింది, అంతే. ఇక తిండి విషయంలో ఈ మనుషులు ఎలా ఉన్నా, ఉద్యోగం లాంటి పెద్ద సంగతిలో పద్ధతి పాటించకుండా ఉండరు కదా. చాచిన చేతిలోది లాక్కున్నట్టు "సరే" అనేస్తే ఏమనుకుంటారు? ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మీ దయ మేడమ్. కానీ నాకంత అర్హత ఎక్కడిది? నాకంటే మంచివాళ్ళు ఉంటారేమో, వాళ్ళని చూడండి ముందు."

హెదర్ ఆమె ముఖం వైపు చూసింది. "నిజంగానా? ఊరు మరీ మారుమూలగా ఉందా?"

"అబ్బే, ఊరు బాగుంది. నేనే... మీకు ఇబ్బంది ఎందుకని."

"అర్థమైంది. మొహమాటపడి ఒప్పుకుని నెల తిరక్కుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ మాకు. ముందే చెప్పేశారు, చాలా సంతోషం." హెదర్ లేచి చెయ్యి చాపింది.

ఎర్లిండా ఆ చెయ్యి పట్టుకుని, ఇంకా ఏదో మాట మిగిలి ఉన్నట్టు ఆగింది. ఇప్పుడు అడుగుతుంది. తలుపు దాకా నడిచేలోపు అడుగుతుంది. తలుపు తీసి పట్టుకుని హెదర్ వాతావరణం గురించి మాట్లాడింది.

హాల్లో నెనీత నేల మీద కూర్చుని ఉంది. ఒక ముసలాయన పాదం ఆమె ఒళ్ళో ఉంది. వాపు కాళ్ళకు వేసే బిగుతు మేజోడు మడతపడి చర్మంలోకి దిగిందట. దాన్ని విప్పి, మళ్ళీ వేళ్ళ దగ్గర్నుంచి నెమ్మదిగా ఎక్కిస్తూ ఆయనతో ఏదో వాగుతోంది. ఆయన పళ్ళు లేని నోటితో నవ్వుతున్నాడు. హెదర్ ఆగిపోయింది.

"మీరూ ఇదే పని చేస్తారా?"

"ఆరేళ్ళుగా. ఈవిడా నేనూ ఒకే చోట."

"మాకు ఒక పోస్టు ఖాళీగా ఉంది. మీ స్నేహితురాలు వద్దన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తాం. మీకేమైనా..."

నెనీత చేతులు ఆగాయి. ఎర్లిండాకు తెలుసు, ఈ మనిషి ఇప్పుడు లేచి ఎగిరి గంతేస్తుంది. నెనీత మాత్రం హెదర్ వైపు చూడలేదు. తమ భాషలో, గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, నువ్వు దీనికోసం వచ్చావా?"

"నేనెందుకొస్తాను. జైలు చూడటానికొచ్చాం."

"ఇస్త్రీ చొక్కా వేసుకుని జైలు చూడటానికొస్తారా ఎవరైనా. నీకు కావాలంటే ఇప్పుడే చెప్పు. నేను చెప్తా ఆవిడకి, మా అక్క మొహమాటానికి వద్దంది అని."

అదీ రెండో పిలుపు. ఇందాకట్నుంచీ ఎర్లిండా చెవులు రిక్కించి ఎదురుచూసిన పిలుపు. అది వచ్చింది ఎండుచేపల నెనీత నోటి నుంచి, ఒళ్ళో ముసలాయన పాదం పెట్టుకుని నేల మీద కూర్చున్న నెనీత నోటి నుంచి. దీని దయతో తను గది తీసుకోవాలా? రేపు ఇంట్లో మిగతా నలుగురికీ ఇది కథలు కథలుగా చెప్తుంది. ఎర్లిండా పెదవులు బిగించింది.

"నాకక్కర్లేదన్నానుగా."

"ఆలోచించుకో అక్కా. మూడోసారి అడుగుతున్నా. మన పద్ధతిలోనే అడుగుతున్నా."

"ఎన్నిసార్లు అడుగుతావే. ఇంత మారుమూల, చలి, బురద. నాలాంటి దానికి పనికొచ్చే చోటా ఇది? నీకు సరిపోతుందేమో."

నెనీత కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే ఎర్లిండాకు బాగుండేది. తర్వాత నెనీత మేజోడు పైకి లాగి, ముసలాయన మోకాలి మీద చిన్నగా తట్టి, హెదర్ వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి రమ్మంటారు?"

హెదర్ నవ్వుతూ తాళంచెవి తెచ్చింది. గది చూపిస్తానంది. ముగ్గురూ వంటింటి వెనక నుంచి పెరట్లోకి వెళ్ళారు. బట్టలు ఆరేసే తీగ దాటాక, రేకుల కప్పు కింద తెల్ల రంగు వేసిన గది. ఒక మంచం, ఒక కుర్చీ, నది వైపు కిటికీ. హెదర్‌కు ఎవరో ఫోన్ చేస్తే ఆమె పక్కకు వెళ్ళి మాట్లాడుతోంది.

"రా అక్కా, లోపలికి వచ్చి చూడు."

"నువ్వు చూడు. నా బూట్లు బురదగా ఉన్నాయి."

నెనీత ఇంకోసారి అడగలేదు. గోడలు చూసింది, కిటికీ తీసి వేసింది. తలుపు పట్టుతోందో లేదో చూద్దామని దగ్గరకు లాగి మూసింది. లోపల గడియ జారి పడ్డ చప్పుడు ఎర్లిండాకు స్పష్టంగా వినిపించింది.

"బాగా పడుతోందక్కా," అంది నెనీత లోపల్నుంచి.