పక్కింటి తలుపు మీద నక్షత్రం

మా చీరాలలో డిసెంబరు వచ్చిందంటే వీధిలో ఏది మన వాళ్ళ ఇల్లో గుమ్మానికి కట్టిన స్టార్ చూసి చెప్పేయొచ్చు. స్టార్ ఉన్న ఇంటి ముందు క్యారల్స్ వాళ్ళు ఆగుతారు, లేని ఇల్లు దాటిపోతారు. చిన్నప్పట్నుంచీ నాకు తెలిసిన లెక్క అదే.

అందుకే పామర్‌స్టన్ నార్త్‌లో ఈ ఇంట్లోకి మారిన కొత్తలో, జూన్ నెల చలిలో, పక్కింటి తలుపు మీద పచ్చటి కొమ్మల దండ, దాని మధ్యలో ఐదు కోణాల నక్షత్రం కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. భూమికి దక్షిణాన ఉన్న ఈ దేశంలో చలికాలం జూన్‌లో కాబట్టి కొందరు అప్పుడు కూడా క్రిస్మస్ విందు చేసుకుంటారని మా ఆయన ఎలియాస్ ముందే చెప్పాడు. ఇంకేం, మన వాళ్ళే అనుకున్నాను. సూట్‌కేసు అడుగున ఉన్న మా పేపర్ స్టార్ తీసి, లోపల బల్బు పెట్టి, నేనూ గుమ్మానికి కట్టాను.

సాయంత్రానికల్లా పక్కింటావిడ చెక్కమొద్దు ఆకారంలో చేసిన చాక్లెట్ కేకు పట్టుకొచ్చింది. పేరు హెదర్. అరవై దాటి ఉంటాయి, జుట్టంతా తెలుపు, కాళ్ళకి బురద బూట్లు. మా స్టార్ చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి ఈ వీధిలో తోడు దొరికిందని మురిసిపోయింది. వెళ్తూ "బ్లెస్డ్ బీ" అంది. ఎంత భక్తిపరురాలో అనుకుని నేను "ఆమెన్" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

నాకు భయం ఎక్కువ. మా బాబు నోవహు దగ్గితే భయం, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని భయం. రెండేళ్ళవాణ్ణి ఇంకొకరి చేతిలో పెట్టి ఎరగను. అలాంటిది వాడే హెదర్ ఇంటి వైపు చెయ్యి చూపించి, ఆవిడ కోళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మని గోల చేసేవాడు. నా చేత్తో పెడితే ఉమ్మేసే ఓట్స్ ఆవిడ పెడితే గిన్నె నాకేసేవాడు. నాకు కొంచెం కుళ్ళు కూడా వచ్చింది.

ఆ కోళ్ళ దగ్గరే నా కోర్సు సంగతి వచ్చింది. నా చదువు ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. ఎలియాస్ హాస్పిటల్లో నర్సు. ఇక్కడ వృద్ధుల హోముల్లో కేర్‌గివర్ పనికి ఒక కోర్సు ఉందని, అది చాలా తేలికని, చేరమని నా వెంట పడుతున్నాడు. బిడ్డని ఎవరు చూస్తారని నేను అడ్డు చెప్తూ ఉన్నాను. హెదర్ ఆ మాట విని, పొద్దుటి పూట తనే చూస్తానంది. జూలైలో ఒక సోమవారం క్లాసులు మొదలు. అలవాటు కావాలని ముందు నుంచే రోజూ కాసేపు వాణ్ణి ఆవిడ దగ్గర వదిలిపెట్టడం మొదలెట్టాను.

ఆ సోమవారానికి ముందు శనివారం ఆనందమ్మ ఆంటీ ప్రార్థనకి వచ్చారు. ఆంటీ కూడా నర్సే, మా తెలుగు ఫెలోషిప్‌కి పెద్దదిక్కు. కారు దిగి పక్కింటి తలుపు దగ్గర ఆగిపోయారు. లోపలికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "అమ్మాయ్, అది మన స్టార్ కాదు," అన్నారు. "గీతలు ఒకదాని మీంచి ఒకటి అల్లుకుని లేవూ? చుట్టూ వలయం చూశావా? మా వార్డులో ఒకామె మెడలో చూశాను అలాంటిది. అడిగితే తను విచ్‌నని చెప్పింది, అంటే మంత్రగత్తె."

ఆవిడ రోజూ బ్లెస్డ్ బీ అంటుంది కదా అన్నాను. అది కూడా వాళ్ళ మాటేనట. ఇక అక్కణ్ణుంచి విక్కా, పేగన్, చేతబడి, బాణామతి అన్నీ ఒకే ముద్దగా కలిపేసి ఆంటీ నన్ను వణికించేశారు. రేపట్నుంచి పిల్లాణ్ణి ఆ గడప తొక్కనివ్వొద్దన్నారు. మరి నా కోర్సు అంటే, దేవుడు దారి చూపిస్తాడన్నారు. తను చూసుకుంటానని మాత్రం అనలేదు.

ఎలియాస్ డ్యూటీ నుంచి రాగానే ఏడుస్తూ చెప్పాను. అంతా విని, "పేషెంటుని అడక్కుండా రోగం పేరు రాసేస్తామా? ఆవిడ్నే అడుగు," అన్నాడు. చెప్పడం ఎంత తేలిక.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా వెళ్ళాను. హెదర్ పెరట్లో పొయ్యిలోకి పుల్లలు చీలుస్తోంది. చేతిలో గొడ్డలి చూసి సగం ధైర్యం పోయింది. ఉన్న సగంతో, నువ్వు విచ్‌వా అని అడిగేశాను.

ఆవిడ గొడ్డలి పక్కన పెట్టి, మీది ఏ చర్చి అని అడిగింది. మాది లూథరన్ అని, ఇక్కడి ఫెలోషిప్‌లో బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు కూడా ఉంటారని చెప్పాను.

"అందరూ క్రైస్తవులే, కానీ అందరూ లూథరన్లు కారు కదా," అంది హెదర్. "పేగన్ కూడా అలాంటి పెద్ద మాట. భూమినీ ఋతువుల్నీ పవిత్రంగా చూసుకునే రకరకాల వాళ్ళందరికీ. అందులో ఒక మతం విక్కా. నాది అది. మాకు అమ్మవారూ ఉంది, స్వామీ ఉన్నాడు. పండగలు సూర్యుణ్ణి బట్టి, జూన్‌లో అన్నిటికంటే పొట్టి పగలు ఒక పండగ, అందుకే ఆ దండ. ఎవరికీ కీడు చెయ్యకూడదనేది మా ముఖ్యమైన నియమం."

"మరి విచ్‌క్రాఫ్ట్?"

"అది మతం కాదు, పని. మూలికలు, కొవ్వొత్తులు, ఓ మాట అనుకుని ఓ ముడి వెయ్యడం. విక్కా వాళ్ళం చాలామందిమి చేస్తాం. ఏ మతమూ లేనివాళ్ళూ చేస్తారు. నా ఫ్రెండ్ ఒకామె పేగనే, చెట్ల కింద నిలబడి పాటలు పాడుతుంది, మంత్రాల జోలికే పోదు."

అంటే వంట లాంటిదన్నమాట అన్నాను. లూథరన్లూ వండుతారు, బాప్టిస్టులూ వండుతారు, అంతమాత్రాన వంట ఒక సంఘమైపోదు. హెదర్ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అడగాల్సింది ఇంకా అడగలేదు.

"మా వాడి మీద ఏమైనా చేశావా?"

ఆవిడ నవ్వు ఆపేసింది. "లేదు బెట్సీ. వాడు నీ బిడ్డ. అడక్కుండా ఒకరి మీద ఏదైనా చెయ్యడం నా దృష్టిలో పెద్ద తప్పు. కానీ నీకు చెప్పనిది ఒకటుంది."

ఆవిడ లోపలికి వెళ్ళి కళ్ళకి దిద్దుకునే నల్ల పెన్సిల్ తెచ్చింది. వాడు బురదలో దొర్లినప్పుడల్లా కాళ్ళు కడుగుతుందట. అరికాలిలో నేను రోజూ పెట్టే కాటుక చుక్క చెరిగిపోయేదట. అదేదో రక్ష అయి ఉంటుందని, లేకపోతే నేను కంగారు పడతానని, ఆ పెన్సిల్‌తో మళ్ళీ దిద్ది పంపేదట.

నేను అక్కడే పుల్లల మీద కూలబడ్డాను. అది దిష్టిచుక్క అని, ఎవరి కన్నూ పడకుండా పెడతామని చెప్పాను. ఎవరు నేర్పారంది. మా అమ్మమ్మ. సండే స్కూల్ టీచర్.

"అయితే మన ఇద్దరిలో ఆ పని చేసింది నువ్వు," అంది హెదర్. "నేను ఓట్స్ పెట్టానంతే."

అప్పుడొచ్చింది నవ్వు. ఆపుకోలేకపోయాను. నా పేపర్ స్టార్ చూసి నేను వాళ్ళ మతమే అనుకుందట ఆవిడ. ఆమెన్ అన్నప్పుడు అనుమానం వచ్చింది గానీ, అప్పటికే కేకు ఇచ్చేసింది కదా అని ఊరుకుందట.

సోమవారం పొద్దున ఆంటీ డ్యూటీకి పోతూ మా ఇంటికొచ్చారు. నేను అంతా చెప్పాను, వంట పోలికతో సహా. ఆంటీ మెత్తబడలేదు. ఆ మతం తప్పు అనే అన్నారు. ఈ లోపు హెదర్ వచ్చింది. ఆంటీ ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, పిల్లాడికి మీ మతం చెప్తారా అని వార్డులో అడిగినట్టు ఇంగ్లీషులో అడిగారు. చెప్పనని, పాటలు కూడా వాళ్ళమ్మ ఏవి పాడమంటే అవే పాడతానని హెదర్ అంది. ఆంటీ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేశారు. హెదర్ తల వంచుకుని నిలబడింది. ఆమెన్ కూడా అంది.

తర్వాత ఆంటీ వాడి మేజోడు లాగి చూసి, "ఏమే, చుక్కేదీ?" అన్నారు నాతో.

క్లాసు కంగారులో మర్చిపోయాను. కాటుక డబ్బా ఎక్కడుందో గుర్తు రాలేదు. హెదర్ జేబులోంచి పెన్సిల్ తీసింది. ఆంటీ దాని వంక కాసేపు చూశారు. చివరికి పెన్సిల్ లాక్కుని, "నేను పెడితే వేరు," అంటూ అరికాలిలో గుండ్రంగా దిద్దారు. వాడు చక్కిలిగింత పుట్టి కిలకిల నవ్వాడు.

వాణ్ణి హెదర్ చేతుల్లో పెట్టాను. ఏడుస్తాడేమోనని ఆగాను. కోళ్ళ వైపు చెయ్యి చూపించాడు తప్ప నా వంక కూడా చూడలేదు. సైకిలెక్కి గేటు దాటుతుంటే వెనక ఆంటీ గొంతు వినబడింది, ఏకంగా తెలుగులో. అంత స్టార్ పెట్టుకుని లోపల బల్బు పెట్టుకోరాదా, చీకట్లో ఎవరికి కనబడుతుంది అని హెదర్‌ని నిలదీస్తున్నారు.