నీడ తిరిగిన షాటు

వరదకు స్టూడియో వెనకగోడ కూలిపోయిన ఏడాది అది. గోడ మళ్ళీ కట్టలేదు, రేకులు అడ్డం పెట్టారు. ఆ రేకుల పక్క ఫ్లోరులో, కిటికీ ముందు, సుద్దగుర్తు మీద నీడ నిలబడి ఉన్నాడు.

నీడ అంటే మనిషే. లైట్లు సర్దినంతసేపూ నటులు కాళ్ళు నొప్పిపెట్టుకోకూడదు కదా, వాళ్ళ బదులు నిలబడతాడు. అంతా సిద్ధమయ్యాక పక్కకు తప్పుకుంటాడు. తల నెరిసేదాకా అదే పని. చూసేవాళ్ళకు అదీ ఒక పనేనా అనిపిస్తుంది. మోకాళ్ళకు తెలుసు.

పెళ్ళైన కొత్తలో భార్యను సినిమాకు తీసుకెళ్ళాడు. మేనమామ కూతురే. బొమ్మ అయ్యేదాకా కళ్ళు చికిలించుకుని వెతికి, బయటికొచ్చాక అంది: “నువ్వు నిలబడ్డ నేల కనపడింది గానీ, నువ్వెక్కడ బావా?” ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట మాత్రం అతనికి ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తెరమీద ఆవిడకు కనపడాలి. ఎవరితోనూ అనలేదు. అంటే ఫ్లోరంతా పడీపడీ నవ్వుతుంది.

డైరెక్టరును అందరూ పెద్దాయన అంటారు. మిగతావాళ్ళు మాట అయిపోగానే కట్ చెబుతారు. ఈయన అప్పుడే చూడటం మొదలుపెడతాడు. నటించడం అయిపోయాక మొహంలో ఏం మిగులుతుందో దానికోసం కూర్చుంటాడు. దొరికితే కుర్చీ చేతిమీద వేలితో టక్కుమని కొడతాడు. ఆ చప్పుడయ్యేదాకా ఎవరూ తుమ్ము కూడా తుమ్మరు. ఫిల్ము మాత్రం గజాల లెక్కన తిరిగిపోతుంటుంది. “ఈయన సినిమాలో అసలైన ఏడుపు నిర్మాతదే,” అంటాడు కెమెరామన్.

ఆరోజు తీసేది ఇల్లు విడిచిపోయిన తమ్ముడి కోసం అన్న ఎదురుచూసే షాటు. అన్న పాత్రకు సినిమాలో ఉన్నది అదొక్కటే. వచ్చిన నటుడు పొద్దుటి నుంచి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చేశాడు. వేలు టక్కుమనలేదు. అతను అలిగి గదిలోకి పోయాడు. లైట్లు మార్చడానికి నీడ వచ్చి నిలబడ్డాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు.

“ఎవరి కోసంరా చూస్తున్నావు?”

“ఎవరి కోసమూ కాదండీ. లైట్లు అయ్యేదాకా నిలబడమన్నారు.”

“అయితే నువ్వే చెయ్యి.”

“నాకు నటన రాదండీ.”

“అందుకే చెయ్యమంటున్నా. లైట్లు ఇంకా అవలేదనుకో. ఇక వాడు రాడని నీకు అనిపించినప్పుడు ఇటు తిరుగు.”

కెమెరా తిరిగింది. కిటికీ అవతల రంగులు పూసిన గుడ్డవీధి. మొదట నీడకు మోకాళ్ళ నొప్పి తప్ప ఏమీ తోచలేదు. తరువాత చీకటి హాల్లో కళ్ళు చికిలించుకున్న భార్య తోచింది. ఆ వీధిలో ఎవరూ రారు. గుడ్డ అని తెలిసీ చూస్తూనే ఉన్నాడు. చూసిచూసి, మెల్లగా ఇటు తిరిగాడు.

పెద్దాయన తల కాస్త పక్కకు వాల్చి తననే చూస్తున్నాడు. అంత కుదురుగా తననెవరూ ఎప్పుడూ చూడలేదు. నీడకు కళ్ళు దించబుద్ధి కాలేదు. టక్కుమనలేదు. ఆయన పద్ధతి తెలిసినవాళ్ళు గనక ఎవరూ కదల్లేదు. చివరికి కెమెరాలో ఫిల్మే అయిపోయింది.

“గురువుగారూ, రీలు అయిపోయిందండీ,” అన్నాడు కెమెరామన్.

పలకలేదు. మేకప్ చేసే అక్క వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు.

“లైట్లు ఆపెయ్యండయ్యా,” అంది.

సాయంత్రం ఇంట్లో భార్య కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది.

“అయితే కనపడతావా బావా?”

“రీలంతా నేనేనట. ఉంచుతారో తీసేస్తారో.”

“ఉంచుతార్లే. మరి అలా ఉన్నావేం?”

“నేను తిరిగేదాకా పెద్దాయన ప్రాణంతో ఉన్నాడో లేదో తెలియదే. ఆయన చూశాడో లేదో.”

ఆవిడ అన్నం వడ్డించి పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున షూటింగు లేకపోయినా నీడ స్టూడియోకు వెళ్ళాడు. వాచ్‌మన్ తలుపు తీశాడు. నీడ సుద్దగుర్తు దాటి ఇవతలికొచ్చి, ఖాళీ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి, కిటికీ వైపు చాలాసేపు చూశాడు. అటునుంచి చూడటం అతనికి అదే మొదలు. నిన్న మోసుకెళ్ళే తొందరలో ఎవరూ పట్టించుకోలేదు గాబోలు, కుర్చీ కింద పెద్దాయన చెప్పులు అలాగే ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, ఒకటి బోర్లాపడి.